పధ్నాలుగు దగ్గర కన్నీళ్ళు

తొమ్మిదేళ్ళలో నేను నలభై ఒక్కసార్లు చచ్చాను. గొప్పకి చెప్పడం లేదు. మా ఆవిడ గాదోర్ వంటింటి తలుపు వెనక సుద్దముక్కతో గీసిన గీతల లెక్క అది. రెడ్ ఇండియన్‌గా పదిహేడు, మెక్సికో బందిపోటుగా పంతొమ్మిది, మిగిలినవి అమెరికా దక్షిణాది సిపాయిగా. పొద్దున ఇండియన్‌గా చచ్చి, మధ్యాహ్నం అదే ఇండియన్‌ని కాల్చిన సిపాయిగా చచ్చిన రోజులు కూడా ఉన్నాయి. ఇన్ని చావుల్లో ఒక్కసారైనా పోయేముందు "అమ్మా" అనమని నన్నెవరూ అడగలేదు.

మాట్లాడిన వేషాలు రెండే. ఒకదాంట్లో "వస్తున్నారు" అన్నాను. ఇంకోదాంట్లో "అయ్యగారు లేరు" అన్నాను. ఆ రెండింట్లోనూ నేను చావలేదు. మాట్లాడేవాణ్ణి చంపరు, చచ్చేవాణ్ణి మాట్లాడనివ్వరు. స్పెయిన్‌లో మా తబెర్నాస్ ఎడారిలో సినిమావాళ్ళ పద్ధతి అది.

నా పేరు హినేస్ గలిందో. ఆ ఏడు నాకు నలభై ఏడు నిండాయి. ఎడమ మోకాలు పట్టుకుని అల్మెరీయా పట్నంలో డాక్టరు దగ్గరికి వెళితే, ఆయన అటూ ఇటూ తిప్పి చూసి, "ఇంకొక్కసారి గుర్రం మీంచి పడ్డావంటే ఆ తర్వాత నటించక్కర్లేదు, నిజంగానే లేవవు" అన్నాడు. ఇంకేం పని చేస్తాను? ఎనిమిదో ఏట బడి మానేసి కొండగడ్డి కోతకి పోయినవాణ్ణి. గడ్డి పోయింది, గనులు మూతపడ్డాయి, సినిమాలు వచ్చాయి. గుర్రం మీంచి పడడం ఒక్కటే నాకు బాగా వచ్చిన విద్య.

దారి ఒకటే మిగిలింది. నీలం కార్డు. యూనియన్ ఆఫీసువాళ్ళు ఆ కార్డు ఇస్తే నువ్వు జూనియర్ ఆర్టిస్టువి కాదు, నటుడివి. కూర్చునే వేషాలు వస్తాయి: జడ్జి, మంగలి, మూల బల్ల దగ్గర పేకాడేవాడు. కుర్చీ వేస్తారు, గొడుగు పడతారు, ఒళ్ళు బాగాలేకపోతే ఆసుపత్రి చూసుకుంటుంది. ఆ కార్డు రావాలంటే మూడు సినిమాల్లో కెమెరా ముందు వాక్యం పలికినట్టు మూడు సర్టిఫికెట్లు కావాలి. "వస్తున్నారు" ఒకటి, "అయ్యగారు లేరు" రెండు. మూడోది కావాలి.

మూడోది దొరికింది. ఆ సినిమా మూడు దేశాలది. రోములో అది ఇటలీ సినిమా, మాద్రిద్‌లో స్పెయిన్ సినిమా, మ్యూనిక్‌లో జర్మనీ సినిమా, పోస్టరు మీద మాత్రం అమెరికా సినిమా. రోము నుంచి వచ్చిన డైరెక్టర్ని మేమంతా మాయెస్త్రో అనేవాళ్ళం. పోస్టరు మీద ఆయనకి ఓ అమెరికా పేరు పెట్టారు. ఆ పేరుతో పిలిస్తే ఆయనే పలికేవాడు కాదు. హీరో ఒక్కడే అసలు అమెరికావాడు. ఎవరి భాష వాళ్ళు మాట్లాడేవాళ్ళు, ఎవరికీ ఎవరి మాటా అర్థమయ్యేది కాదు, మధ్యలో ఒక అసిస్టెంటు నాలుగు భాషల్లో నలిగిపోయేవాడు.

నా వేషం బావి కాపలావాడు. హీరో గుర్రం దిగి, బందిపోట్లు ఎటు పోయారని అడుగుతాడు. నేను చెప్పాల్సింది ఇదీ: "వాళ్ళు ఉత్తరానికి వెళ్ళారు, సెన్యోర్. నా కొడుకుని కూడా తీసుకుపోయారు. ఈ బావి నీళ్ళు తాగి మీరూ వెళ్ళండి."

మూడు వాక్యాలు. ఒకటడిగితే మూడిచ్చారు. చదవడం నాకు నెమ్మది కాబట్టి గాదోర్ చదివి చెప్పింది, నేను బట్టీ పట్టాను. పద్దెనిమిది రోజులు. పొయ్యి మీద మీగాస్ పిండి కలుపుతూ చెప్పాను, గడ్డం గీసుకుంటూ చెప్పాను. తప్పులు దిద్దింది మాత్రం మా మరదలు అరసేలి.

అరసేలి గాదోర్‌కి చెల్లెలు. ఆరేళ్ళప్పుడు జ్వరం వచ్చి రెండు చెవులూ పోయాయి. మా ఇంట్లోనే ఉంటుంది, సినిమా కంపెనీలకి బట్టలు కుడుతుంది. ఎదుటివాళ్ళ పెదాలు చూసి మాట చదివేస్తుంది. చర్చిలో ఎక్కడో వెనక బెంచీలో కూర్చుని, ముందు వరసలో పక్కకి తిరిగి గుసగుసలాడే ఆడవాళ్ళ మాటలు కూడా వదలదు. అందుకే ఊళ్ళో సగంమంది ఆమె ఎదురుపడితే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడతారు. అరసేలికి అదొక గర్వం. పైకి అనదు గానీ, ఆ చేతులు లేచినప్పుడల్లా ఆమె మెడ కాస్త నిటారుగా అవుతుంది. తన గొంతు తనకి వినపడదు కాబట్టి మాట ఎత్తుపల్లాలు లేకుండా, గట్టిగా వస్తుంది.

"బావా, 'బావి' అన్నప్పుడు నీ పెదాలు కలవడం లేదు. 'తావి' అన్నట్టుంది."

"నువ్వు తప్ప ఇంకెవరే నా పెదాలు చూసేది?"

"కెమెరా చూస్తుంది."

"ఆ మీసం కత్తిరించకపోతే కెమెరా కూడా చూడదులే," అంది గాదోర్ స్టవ్ దగ్గర్నించి.

మీసం కత్తిరించాను. వాళ్ళే మళ్ళీ పెట్టుడు గడ్డం అతికించారు.

షూటింగు రోజు ఎండ మాడ్చేస్తోంది. బావి సీనులో దుమ్ముగాలి కావాలని పాత విమానం ఇంజను ఒకటి తెచ్చి ఫ్యానులా బిగించారు. నేను బావి గట్టు మీద కూర్చున్నాను. తొమ్మిదేళ్ళలో మొదటిసారి కెమెరా నా మొహానికి మూరెడు దూరంలో ఉంది. గొంతు సవరించుకున్నాను. అసిస్టెంటు వచ్చి నా పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"సెన్యోర్ హినేస్, మాటలు వద్దు. అంకెలు చెప్పండి."

"ఏ అంకెలు?"

"ఒకటి, రెండు, మూడు. మాయెస్త్రో చెయ్యి ఎత్తేదాకా. ఇరవై రెండుకి ఎత్తుతారు."

"నాకు డైలాగుంది బాబూ. పద్దెనిమిది రోజులుగా నేర్చుకున్నాను."

"ఆ డైలాగు పోయింది. రోములో రచయిత మారుస్తున్నాడు. జర్మన్లు కొడుకు వద్దంటున్నారు, కూతురైతే బాగుంటుందట. ఏదో ఒకటి తేలాక మాద్రిద్‌లో ఎవరో గొంతిస్తారు. మీ నోరు కదిలితే చాలు."

"తేలేదాకా ఆగొచ్చు కదా?"

"ఈ అమెరికా ఆయన గురువారం విమానం ఎక్కేస్తాడు."

సరే. ఒకటి, రెండు, మూడు. హీరో మాట ఆపగానే నేను మొదలుపెట్టాలి. ఆయన ఎప్పుడు ఆపుతాడో ఎలా తెలుస్తుంది? ఆయన ఇంగ్లీషు నాకు రాదు, పైగా ఆయన బుగ్గలో ఎప్పుడూ ఓ నమిలే బంక. మాట ఆగినా నోరు ఆగదు. మొదటి టేకులో ఆయన నములుతుంటే మాట్లాడుతున్నాడనుకుని కూర్చున్నాను. రెండోదాంట్లో ఆయన మాట్లాడుతుంటే నములుతున్నాడనుకుని మొదలుపెట్టాను. మూడోదాంట్లో గాలికి నా గడ్డం లేచిపోయి హీరో గుర్రం మొహం మీద పడింది. గుర్రం బెదిరింది. నాలుగోదాంట్లో అన్నీ సవ్యంగా జరిగాయి. మాయెస్త్రో టోపీ తీసి నుదురు తుడుచుకుని అసిస్టెంటుతో ఏదో చెప్పాడు.

"పన్నెండు దాకా బాగుందట. పధ్నాలుగు దగ్గర కొడుకు గుర్తుకు రావాలట."

"కొడుకా, కూతురా?"

"ఎవరో ఒకరు. కన్నీళ్ళు మాత్రం పధ్నాలుగుకి."

ఐదో టేకులో నాకు పదమూడుకే వచ్చేశాయి, కంట్లో ఇసక పడి. తొందరపడ్డావన్నారు. ఆరోదాంట్లో పదహారు దాకా రాలేదు. ఆలస్యమన్నారు. ఏడోదాంట్లో సరిగ్గా పధ్నాలుగుకి వచ్చాయి కానీ కెమెరాలో రీలు అయిపోయింది. అసిస్టెంటు మళ్ళీ వచ్చాడు.

"పధ్నాలుగు అన్న తర్వాత కాదట సెన్యోర్, అంటూ ఉండగా."

నాకు పిల్లల్లేరు. ఉన్నా వాళ్ళు పధ్నాలుగుకే ఎందుకు గుర్తొస్తారో ఆ రోములో పుట్టినవాడికే తెలియాలి.

ఎనిమిదో టేకు తర్వాత గుర్రానికి నీళ్ళు పెట్టడానికి ఆగారు. కొంచెం అవతల గొడుగు కింద మాద్రిద్ నుంచి వచ్చిన ప్రొడక్షన్ మేనేజరు దొన్ లెయాంద్రో కూర్చుని పుచ్చకాయ తింటున్నాడు. సర్టిఫికెట్లు రాసేది ఆయనే. మా అందరికీ తోలుసంచుల్లో వేణ్ణీళ్ళు, ఆయనకి ఐసుపెట్టెలోంచి తీసిన పుచ్చకాయ. కుంటుకుంటూ వెళ్ళి నిలబడ్డాను.

"దొన్ లెయాంద్రో, నాకిది మూడోదండి. సర్టిఫికెట్లో వాక్యం పలికాడని రాస్తారు కదా."

"వాక్యమా? నువ్వు అంకెలు చెప్తున్నావు కదయ్యా."

"అంకెలు చెప్పమన్నారు కాబట్టి చెప్తున్నాను."

"చెప్పమన్నది నేను కాదు, మాయెస్త్రో. రాయాల్సింది నేను. అంకెలు వాక్యం కాదు." ఒక గింజ ఉమ్మాడు. "నిన్ను 'నోరు కదిపిన జూనియర్ ఆర్టిస్టు' కింద రాస్తా. మామూలు జూనియర్ కంటే అదీ ఒక మెట్టు ఎక్కువే."

"మరి ఆ అమెరికా ఆయన?"

"ఆయన ఇంగ్లీషు మాట్లాడుతున్నాడు."

"ఏం మాట్లాడుతున్నాడో మీకు తెలుసా?"

"నాకెందుకు? ఆయన కార్డు అడగడం లేదు." ఇంకో గింజ నా చెప్పు మీద పడింది. ఆయన చూశాడు. కాలు కదుపుతానేమో అన్నట్టు చూశాడు. నేను కదపలేదు.

తొమ్మిదో టేకు. ఫ్యాను పెట్టారు. అది మొదలైతే పక్కవాడు తుపాకీ కాల్చినా వినపడదు. సౌండు ఎలాగూ తీయడం లేదు. హీరో నమిలాడు, మాట్లాడాడు, నమిలాడు. నా వంతు వచ్చింది. నోరు తెరిచాను. "ఒకటి" రాలేదు.

"దొన్ లెయాంద్రో," అన్నాను, మెల్లగా, ఒక్కో మాటా పెదాలు కలిపి, అరసేలి నేర్పినట్టు. "నువ్వు పుచ్చకాయ తినే పందివి. యూనియన్ ఆఫీసులో కూర్చున్న ఆ దొన్ ఫావుస్తినో నీ జతపంది. మా మోకాళ్ళు అరిగిన కొద్దీ మీ పొట్టలు పెరుగుతున్నాయి. మీ ఇద్దర్నీ, మీ వెనక గోడకి వేలాడే ఆ ఫొటోలో ఆయన్నీ కలిపి ఈ బావిలో పారేద్దామనుంది. నీళ్ళు పాడవుతాయని ఆగాను."

సగంలో కన్నీళ్ళు వచ్చాయి. ఏ అంకె దగ్గరో నాకు తెలియదు. మాయెస్త్రో చెయ్యి ఎత్తాడు, ఫ్యాను ఆపించాడు, పరిగెత్తుకుంటూ వచ్చి నన్ను కావలించుకున్నాడు. ఆయన కళ్ళు కూడా తడిగా ఉన్నాయి.

"నిజం అంటే ఇదీ అంటున్నారు," అన్నాడు అసిస్టెంటు. "సరిగ్గా పధ్నాలుగుకి వచ్చాయట."

ఇంటికెళ్ళి అంకెల గోల, పధ్నాలుగు గోల అంతా చెప్పాను. తొమ్మిదో టేకు సంగతి మాత్రం చెప్పలేదు. ఆ ఫొటోలో ఉన్నది దేశాన్నేలే జనరల్. ఆయన మాట ఎత్తినందుకు మా వీధిలో ఒకతను రెండేళ్ళు జైల్లో ఉండొచ్చాడు. అతను అన్నది సారా కొట్లో. నేను అన్నది కెమెరా ముందు.

నెల తిరిగేసరికి సర్టిఫికెట్ వచ్చింది. నోరు కదిపిన జూనియర్ ఆర్టిస్టు. అది పట్టుకుని యూనియన్ ఆఫీసుకి వెళ్ళాను. దొన్ ఫావుస్తినో మా తబెర్నాస్ మనిషే. దొన్ లెయాంద్రో షూటింగులకి వచ్చినప్పుడల్లా ఆదివారాలు ఇద్దరూ కలిసి దొమినో ఆడతారు. ఆట అయ్యాక ఒకళ్ళ వెనక ఒకళ్ళు తిట్టుకుంటారు. వెనక గోడ మీద ఫొటో. ఆ వైపు చూడకుండా మాట్లాడడం మాకందరికీ అలవాటే.

"హినేసూ, రూల్లో వాక్యం అనుంది. వాక్యం అంటే ఏంటి? క్రియ ఉండాలి. ఏదో ఒకటి జరగాలి. ఒకటి, రెండు, మూడులో ఏం జరుగుతుంది చెప్పు?"

"నాలుగొస్తుందండి."

ఆయన పడీ పడీ నవ్వాడు. నవ్వి, కాయితం నా వైపు తోశాడు. "బాగుంది. కానీ కుదరదు."

అప్పుడే నోరు జారాను. మనిషి విసిగిపోతే ఇలాంటివే అవుతాయి. "చివరి టేకులో నేను అంకెలు చెప్పలేదండి. వాక్యం చెప్పాను."

"ఏ వాక్యం?"

"నేను నేర్చుకున్న డైలాగే. బందిపోట్లు ఉత్తరానికి వెళ్ళారని."

"ఎవరు విన్నారు?"

"ఫ్యాను."

"ఫ్యాను సంతకం పెట్టదు కదా." ఆయన పెన్సిలు చెవిలో పెట్టుకుని తిప్పుకున్నాడు. తర్వాత ఆయన మొహం వెలిగింది. "మీ మరదలుంది కదూ. మా అమ్మాయి పెళ్ళికి గౌను కుట్టింది. పెదాలు చదువుతుంది. ఆ పిల్ల ముందు మా ఆవిడ నోరు విప్పదు. నవంబర్లో సినిమా మన హాలుకి వస్తోంది. చూసి ఏమన్నావో చెప్పమను. వాక్యమైతే రాసుకుంటాను, నువ్వు సంతకం పెట్టు, నీలం కార్డు పట్టుకెళ్ళు."

ఇంట్లో చెబితే గాదోర్ మొహం విప్పారింది. "అదెంత పని? ఆ డైలాగు నీకంటే దానికే బాగా వచ్చు. అదే అప్పజెప్పేస్తుంది."

"నేను చూసింది చెప్తాను," అంది అరసేలి.

"చూసింది అదే అనుకోవే."

"అనుకోవడం ఏంటి? చూస్తాను, చెప్తాను."

అప్పుడైనా నిజం చెప్పాల్సింది. నోటిదాకా వచ్చింది. గాదోర్ చేతిలో గరిట చూసి ఆగిపోయాను. రోమువాళ్ళు సీన్లకి సీన్లే కత్తిరించి పారేస్తారు, నాదీ పోయి ఉంటుందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. కావాలంటే పోతుంది, అక్కర్లేదంటే ఉంటుంది. నా బతుకంతా ఇదే వరస.

నవంబరు ఆదివారం మధ్యాహ్నం ఆట. ఊరంతా వచ్చింది. ఊళ్ళో సగంమంది ఆ సినిమాలో చచ్చినవాళ్ళే, తమ చావు చూసుకోడానికి పెళ్ళాంపిల్లల్ని వెంటేసుకుని వచ్చారు. "అదుగో మా నాన్న", "అదుగో మా నాన్న మళ్ళీ" అని పిల్లల అరుపులు. హాలంతా పొద్దుతిరుగుడు గింజల పొట్టు. మేము ముగ్గురం ఆరో వరసలో. మా వెనకే దొన్ ఫావుస్తినో, ఆయన పక్కన దొన్ లెయాంద్రో. మాద్రిద్ నుంచి ఏదో పని మీద వచ్చాడట, ఈయన సరదాగా వెంటబెట్టుకొచ్చాడు.

బావి వచ్చింది. ఇంత పెద్ద మొహం నాదని నాకే నమ్మకం కలగలేదు. హీరో అడిగాడు. తెర మీద నేను నోరు తెరిచాను. మాద్రిద్‌లో ఎవరో గొంతిచ్చినవాడు, పీపాలోంచి వచ్చినంత గంభీరంగా, "ఎడారిలో అడుగులు నిలవవు, సెన్యోర్. తల్లి కన్నీళ్ళు మాత్రమే నిలుస్తాయి" అన్నాడు. ఏ తల్లి? ఆ సినిమాలో తల్లే లేదు. కానీ హాల్లో ఆడవాళ్ళు ముక్కులు చీదారు. తెర మీద నా కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి.

పక్కన అరసేలి కుర్చీ కదిలింది. ముందు భుజాలు ఊగాయి. తర్వాత నవ్వు, తనకి వినపడని ఆ పెద్ద నవ్వు. ఆ నవ్వులోనే, హాలంతటికీ వినపడేలా, "అమ్మో, దొన్ లెయాంద్రోని పుచ్చకాయ తినే పంది అన్నాడు" అంది.

ముందు తలలన్నీ దొన్ లెయాంద్రో వైపు తిరిగాయి. ఆ తర్వాత హాలు విరగబడింది. తెర మీద బావి కాపలావాడు ఏడుస్తూనే ఉన్నాడు, జనం కడుపులు పట్టుకుని నవ్వుతున్నారు. అరసేలి మాత్రం నవ్వు ఆపేసింది. తెర మీద నా పెదాలు ఇంకా కదులుతున్నాయి. ఆమె మిగతాది చదువుతోంది. వెలుతురులో ఆమె మొహం తెల్లబడడం చూశాను.

ఆట అవగానే హాలు ముందు మెట్ల మీద దొన్ ఫావుస్తినో మమ్మల్ని ఆపాడు. ఆయన సంతోషానికి పట్టపగ్గాల్లేవు.

"పుచ్చకాయ తినే పంది. లెయాంద్రో, నేను పదేళ్ళుగా వెతుకుతున్న మాట దొరికింది. ఆ వాక్యంలో క్రియ ఉందిగా అరసేలీ? తినే. ఉంది. హినేసూ, కార్డు నీదే. మిగతాది కూడా చెప్పు పిల్లా, ఫారంలో మొత్తం రాయాలి."

దొన్ లెయాంద్రో మెడ పుచ్చకాయలోపలి రంగుకి వచ్చేసింది. "రాయించు, ఫావుస్తినో. ఒక్క మాట వదలకుండా రాయించు. కింద సంతకం పెట్టించు. ఆ కాయితం సివిల్ గార్డు పోలీసుల దగ్గరికి నేనే మోసుకెళ్తా."

"వాళ్ళకి పందుల సంగతి ఎందుకులే. చెప్పు, తర్వాత ఏమన్నాడు?"

తర్వాత వచ్చేది తన పేరే అని ఆయనకి తెలియదు. ఆ తర్వాత వచ్చేది ఫొటో. జనం గుమిగూడారు. గాదోర్ నా మోచెయ్యి పట్టుకుంది, ఆమెకీ ఏమీ తెలియదు, కార్డు వచ్చేసిందనే నవ్వుతోంది. అరసేలి దొన్ ఫావుస్తినో పెదాల వంక చూసింది, తర్వాత నా పెదాల వంక చూసింది. నేను ఏం చెప్పమంటే అది చెబుదామని ఎదురు చూస్తోంది. అంత జనంలో గొంతు లేకుండా పెదాలు కదిపితే దొన్ లెయాంద్రో పట్టేస్తాడు. కార్డు అరచేతి దూరంలో ఉంది. జైలు ఇంకా దగ్గరగా ఉంది.

"నేను అంకెలే చెప్పానండి," అన్నాను. "ఆ పిల్ల తప్పు చదివింది. చెవిటిది, పాపం."

అరసేలి నా నోటి నుంచి కళ్ళు తిప్పలేదు. 'పాపం' దాకా మొత్తం చదివింది. పెదాలు బాగా కలిపే అన్నాను మరి.

"అవును," అంది, అదే చదునైన గొంతుతో, మెట్ల కింద ఉన్నవాళ్ళకి కూడా వినపడేలా. "తప్పు చదివాను. బావ లెక్కపెట్టాడు. ఒకటి నుంచి ఇరవై రెండు దాకా. పధ్నాలుగు దగ్గర ఏడ్చాడు."

"మరి పంది ఎక్కణ్ణించి వచ్చిందే?" అన్నాడు దొన్ ఫావుస్తినో. బొమ్మ పోగొట్టుకున్న పిల్లాడిలా అయిపోయింది ఆయన మొహం.

"నాకు చెవులు లేవు," అంది అరసేలి. "ఏదో ఊహించుకున్నాను."

జనంలో ఎవడో కిసుక్కుమన్నాడు. మర్నాడు యూనియన్ ఆఫీసులో 'నేను వాక్యమేదీ పలకలేదు, అంకెలు మాత్రమే చెప్పాను' అని నా చేత రాయించుకున్నారు. అక్షరాలు కూడబలుక్కుని రాయడానికి చాలాసేపు పట్టింది. దొన్ లెయాంద్రో పక్కనే నిలబడి, గుణింతాలు తప్పు పోయాయని రెండుసార్లు రాయించాడు.

ఇంటికొచ్చాక తొమ్మిదో టేకు సంగతి గాదోర్‌కి చెప్పాను. గరిట తీయలేదు. అంతకంటే పాడు పని చేసింది, స్టవ్ ఆర్పి నా ఎదురుగా కూర్చుంది. కూర్చుని అంది:

"చెవిటిదాన్ని చెవిటిది అన్నావు, దానికి ఆ బాధ లేదు. చదవడం రాదన్నావు చూడు."

"జైలుకి పోనా మరి?"

"పొమ్మన్నానా? నువ్వన్నది చెప్తున్నా."

ఆ తర్వాత వచ్చిన ఆదివారం చర్చిలో చూశాను. ముందు వరస ఆడవాళ్ళు తీరిగ్గా వెనక్కి తిరిగి, అరసేలి ఎదురుగానే చెప్పుకోవలసినవన్నీ చెప్పుకుంటున్నారు. ఒక్కరి చెయ్యీ నోటి మీదికి లేవలేదు. దొన్ ఫావుస్తినో పెళ్ళాం అయితే మాట్లాడుతూ మాట్లాడుతూ ఆమె వంక చూసి జాలిగా తల ఊపింది. అరసేలి మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని నేల చూస్తూ కూర్చుంది.

ఇంట్లోనూ అంతే. అన్నం దగ్గర పళ్ళెం చూస్తుంది. నేను మాట్లాడబోతే సూదిలో దారం ఎక్కిస్తుంది. చెవులున్నవాళ్ళ మీద అరవొచ్చు, తలుపు బాదొచ్చు. కళ్ళు దించుకున్న అరసేలికి ఎవరి మాటా చేరదు. డిసెంబరు, జనవరి అలాగే పోయాయి. బల్ల మీద చరిచి చూశాను, దీపం ఆర్పి వెలిగించి చూశాను. తల ఎత్తదు.

ఫిబ్రవరిలో ఇంకో సినిమా వచ్చింది. ఈసారి నాలుగు దేశాలది. నా మోకాలు సంగతి అందరికీ తెలుసు, కార్డు సంగతి అంతకంటే బాగా తెలుసు. గుర్రం మీంచి పడేవాళ్ళ వరసలోంచి నన్ను తీసేసి, యుద్ధం అయిపోయాక మైదానంలో పడి ఉండేవాళ్ళలో వేశారు. పడక్కర్లేదు, పడుకుంటే చాలు. అసిస్టెంటు మాత్రం పాతవాడే.

బట్టల బండి దగ్గర వరసలో నిలబడ్డాను. అరసేలి బండి మీద కూర్చుని సిపాయి కోటులకి తూటా చిల్లుల చుట్టూ ఎర్రగుడ్డ కుడుతోంది. నా వంతు వచ్చింది. కోటు చాపింది, తల ఎత్తకుండా. నేను కోటు తీసుకోలేదు. ఆమె చాపిన చెయ్యి అలాగే ఉంది. వెనక వరసలోవాళ్ళు గొణుగుతున్నారు. ఒకడు, "హినేసూ, చావడానికి కూడా బతిమాలాలా నిన్ను?" అన్నాడు. నేను కదల్లేదు. చివరికి చెయ్యి నొప్పెట్టి కాబోలు తల ఎత్తింది.

గొంతు లేకుండా, పెదాలు మాత్రం కలిపి, "క్షమించు" అన్నాను.

అరసేలి కాసేపు నా నోటి వంకే చూసింది, సరిగ్గా చదివానా లేదా అన్నట్టు. తర్వాత దారం పంటితో తెంపింది.

"అందులో క్రియ ఉంది బావా," అంది, వరసంతా వినేట్టు. "వాక్యమే."

వెనకవాళ్ళకి ఏమీ అర్థం కాలేదు. కోటు నా చేతిలో పడేసి, తర్వాతవాడికి చెయ్యి చాపింది.

మైదానంలో అసిస్టెంటు గొట్టం నోటి దగ్గర పెట్టుకుని నాలుగు భాషల్లో అరుస్తున్నాడు. మా భాష వంతు చివర వచ్చింది.

"ముందే చచ్చినవాళ్ళంతా వచ్చి పడుకోండి."

వెళ్ళి, మోకాలు జాగ్రత్తగా చాపుకుని పడుకున్నాను.